పాత ఎమ్‌జీబీకి పెట్రోల్ పైపులు: భీమవరంలో చేయించిన పని, కొన్న సరుకు, అయిన ఖర్చు

చేపల చెరువుల డీజిల్ ఇంజన్లకు, ట్రాక్టర్లకు ఆయిల్ పైపులు వంచి ఇచ్చే ఒక చిన్న షెడ్డు భీమవరంలో ఉంది. మొన్న జనవరిలో నా 1966 మోడల్ ఎమ్‌జీబీ కారుకు పెట్రోల్ పైపులన్నీ అక్కడే మార్పించుకున్నాను. ఆ తరువాత ఆరు నెలల్లో 1,400 కిలోమీటర్ల పైచిలుకు తిరిగాను కాబట్టి, ఆ షెడ్డు పనితనం గురించి, అంతకుముందు నేను కొని మోసపోయిన రబ్బరు గొట్టం గురించి, చివరికి నిలిచిన సరుకు గురించి ఇప్పుడు ధైర్యంగా రాయవచ్చుననిపించింది. మన వైపు పాత బండ్లు ఉంచుకున్నవారిలో ఎక్కువమందివి ఫియట్లు, అంబాసిడర్లు, అక్కడక్కడ స్టాండర్డ్ హెరాల్డులు. పైపుల బాధ అన్నిటికీ ఒక్కటే గనుక వారికి కూడా ఇందులో పనికొచ్చే సంగతులు ఉంటాయి.

ఈ కారు మా మేనమామగారిది. ఆయన నరసాపురంలో డాక్టరుగా ఉండేవారు. మద్రాసులో ఉద్యోగం ముగించుకుని స్వదేశం వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లేయుడి దగ్గర కొన్నారు. ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 వరకు తయారైన రెండు సీట్ల మోడల్ ఇది. 1,798 సీసీ ఇంజన్, ఎస్‌యూ కంపెనీవి రెండు కార్బొరేటర్లు (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించేవి), పైన మడత పెట్టే గుడ్డ టాపు. ఇందులో పెట్రోల్ ట్యాంకు డిక్కీ కింద ఉంటుంది, అదే కంపెనీ ఎలక్ట్రిక్ పంపు వెనక కుడి చక్రానికి దగ్గరగా నేల అడుగున ఉంటుంది, కార్బొరేటర్లేమో ముందు ఉంటాయి. అంటే పెట్రోలు బండి పొడవునా, అడుగున బిగించిన సన్నటి ఇనుప పైపులో ప్రయాణం చేసి ఇంజన్‌కు చేరుతుంది. పైపుకు రెండు కొసలా, పంపుకు ఇటూ అటూ, కార్బొరేటర్ల మధ్య రబ్బరు గొట్టం ముక్కలు ఉంటాయి. కారేది ఎక్కువగా ఈ అతుకుల దగ్గరే.

ఎస్‌యూ పంపుకు ఒక మంచి గుణం ఉంది: అది మాట్లాడుతుంది. తాళం తిప్పగానే వెనక నుంచి టిక్ టిక్ టిక్ అని గబగబా కొట్టుకుంటుంది. కార్బొరేటర్లలో పెట్రోలు నిలవ ఉండే గిన్నెలు నిండగానే ఆగిపోతుంది. ఇంజన్ స్టార్టు చేయకుండా తాళం ఒక్కటే తిప్పి ఉంచినప్పుడు, ఒకసారి ఆగిన పంపు మళ్ళీ పావు నిమిషానికో అర నిమిషానికో ఒక టిక్ కొట్టిందంటే పెట్రోలు ఎక్కడికో పోతున్నదని అర్థం. గిన్నె నిండాక పెట్రోలును ఆపే సూది సరిగా కూర్చోకపోవచ్చు, లేదా పైపు కారుతుండవచ్చు. ఆగకుండా వేగంగా కొట్టుకుంటూనే ఉంటే, ట్యాంకులో పెట్రోలు అడుగంటకపోయినట్టయితే, ట్యాంకుకూ పంపుకూ మధ్య ఎక్కడో గాలి పీల్చుకుంటున్నదన్నమాట. పెట్రోలు చుక్క కూడా బయటికి రాని లీకు అది. తడి కనిపించదు కాబట్టి దాన్ని చెవితోనే పట్టుకోవాలి.

నిరుడు వర్షాకాలంలో నా బండికి ఈ రెండు జబ్బులూ కలిసి వచ్చాయి. షెడ్డు తలుపు తీయగానే పెట్రోలు వాసన ముక్కుకు కొట్టేది. అడుగున పడుకుని చూస్తే ఇనుప పైపు మీద, క్లిప్పులు బిగించిన ప్రతి చోటా ఎర్రటి తుప్పు పొక్కులు కనిపించాయి. గోళ్ళతో గీరితే ఒక చోట పొక్కు ఊడి, దాని కింద సూదిమొనంత తడి మెరిసింది. మా డెల్టాలో ఇనుము ఇలా పోవడానికి సముద్రపు గాలి ఒక్కటే కారణం కాదనుకుంటాను. రొయ్యలూ చేపలూ వేసుకుని వెళ్ళే లారీలు ఐసు నీళ్ళు రోడ్డు పొడవునా కార్చుకుంటూ పోతాయి. వాటి వెనక పది కిలోమీటర్లు నడిపితే చాలు, బండి అడుగు మొత్తం ఉప్పునీళ్ళతో కడిగినట్టవుతుంది. ఇంటికి వచ్చాక మంచినీళ్ళతో అడుగు కడిగే అలవాటు ఉన్నవారు నా ఎరికలో ఒక్కరు కూడా లేరు, నాతో సహా.

మొదట నేను చేసింది తప్పు పని, దాని గురించే ముందు చెప్పాలి. ఇనుప పైపు చిల్లు దగ్గర కోసి, ఆ భాగం తీసేసి, మధ్యలో రబ్బరు గొట్టం వేసి క్లిప్పులు బిగించమని దగ్గరలోని ఒక మెకానిక్‌తో చెప్పాను. మిగతా పాత గొట్టాలు కూడా మార్చేద్దామని ఒక స్పేరు పార్టుల దుకాణంలో మూడు మీటర్ల గొట్టం కొన్నాను. మీటరు 120 రూపాయలు. మీద పసుపు అక్షరాలతో పెట్రోలుకు వాడవచ్చునని అచ్చు వేసి ఉంది. దాన్ని నమ్మాను. గొట్టానికి 360, పది రేకు క్లిప్పులకు 80, మెకానిక్‌కు 300, మొత్తం 740 రూపాయలతో పని అయిపోయిందని సంతోషించాను. కార్తీకమాసం వచ్చేసరికి వాసన మళ్ళీ మొదలైంది. ముందు కార్బొరేటర్ గిన్నె మూత విప్పితే అడుగున కాటుకలాంటి నల్లటి పొడి పేరుకుని ఉంది. గొట్టాన్ని వేలితో నొక్కితే ఉడికిన పనసతొనలా మెత్తగా లోపలికి పోయింది. ఆ దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ అదే గొట్టం ఇంకా కట్టలు కట్టలుగా వేలాడుతూ ఉంది, మరో పది దుకాణాల్లో కూడా వేలాడుతూనే ఉంటుంది.

కారణం తెలిసినదే అయినా వివరంగా చెప్పుకోవడం మంచిది. మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో బంకుల్లో మొదలుపెట్టారు, 2025 నాటికి దేశమంతటా ఆ లెక్కకు చేరుకున్నారు. పాత బండ్లకు వేసే గొట్టాలు ఎక్కువగా నైట్రైల్ రబ్బరువి. ఇథనాల్ లేని పెట్రోలుకు అవి ఏళ్ళ తరబడి నిలిచేవి. ఇథనాల్ కలిసేకొద్దీ, ముఖ్యంగా చవకరకం రబ్బరులో, అది లోపలికి ఇంకి ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది. బండి నిలిపేసి గొట్టం ఆరినప్పుడు అదే రబ్బరు పెళుసెక్కి పగుళ్ళు పడుతుంది. పైగా ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. వానాకాలంలో నెలల తరబడి సగం ట్యాంకుతో నిలిపేసిన బండిలో ఆ నీరు అడుగుకు దిగి, ట్యాంకును, పైపును లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. ఈ ఇథనాల్‌ను చెరుకు నుంచే కాకుండా నూకల నుంచి కూడా తీస్తున్నారు. గోదావరి నీళ్ళతో పండిన ధాన్యం నూకలై, సారాయై, పెట్రోలులో కలిసి మా మామయ్యగారి కారు గొట్టాలను తినేస్తున్నదని మా ఇంటావిడ ఒక రోజంతా నవ్వింది.

రెండోసారి మోసపోకూడదని ఒక పరీక్ష పెట్టాను. ఖాళీ హార్లిక్స్ సీసాలు మూడు తీసుకుని, ఒకదానిలో ఆ చవక గొట్టం ముక్క, రెండోదానిలో విజయవాడ ఆటోనగర్ నుంచి తెచ్చిన మీటరు 260 రూపాయల గొట్టం ముక్క, మూడోదానిలో ఒక మిత్రుడు హైదరాబాదు నుంచి పంపిన, మీటరు 650 రూపాయల ఖరీదైన గొట్టం ముక్క వేశాను. ఒక్కొక్కటి సరిగ్గా 10 సెంటీమీటర్లు కోసి, బంకు పెట్రోలు పోసి, మూతలు బిగించి, పెరట్లో రేకుల పంచ కింద, వంటగదికి దూరంగా, ఎండ తగలని చోట మూడు వారాలు ఉంచాను. మొదటి ముక్క పెట్రోలును టీ డికాషన్ రంగులోకి మార్చింది, పొడవు ఏడు మిల్లీమీటర్లు పెరిగింది, లోపలి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వంకర తిరిగింది. రెండోది మూడు మిల్లీమీటర్లు పెరిగింది, రంగు మాత్రం స్వల్పంగా దిగింది. మూడోది కొలతలో నాకు తేడా దొరకలేదు, పెట్రోలు కూడా పోసినప్పటిలాగే ఉంది. ఇది ల్యాబులో చేసిన పరీక్ష కాదని నాకు తెలుసు. భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాడి పెరటి ప్రయోగం. అయినా మీటరుకు 120 ఇవ్వాలా, 650 ఇవ్వాలా అన్న ప్రశ్నకు దీనికన్నా సూటి జవాబు నాకు దొరకలేదు.

ఆ మూడో గొట్టం మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అనే గుర్తు ఉంటుంది. ఎస్‌ఏఈ అనేది బండి భాగాలకు ప్రమాణాలు నిర్ణయించే అమెరికా ఇంజనీర్ల సంస్థ. ఆర్6, ఆర్7 అనేవి కార్బొరేటర్ బండ్ల మామూలు గొట్టాలు. ఆర్9 ఇంజెక్షన్ బండ్ల (కార్బొరేటర్ లేకుండా పెట్రోలును ఒత్తిడితో చిమ్మే బండ్ల) ఒత్తిడికి తయారైనది, దాని లోపలి పొర ఫ్లోరో రబ్బరుది. మార్కెట్లో దాన్ని విటాన్ అంటారు. మా బండి పంపు ఇచ్చే ఒత్తిడి మూడు పీఎస్‌ఐ దరిదాపులోనే ఉంటుంది, మోటారు సైకిలు టైరులో పదోవంతు. కాబట్టి ఒత్తిడి కోసం ఆర్9 అవసరమే లేదు. మనకు కావలసింది ఆ లోపలి పొర. కోసిన కొసను ఎండలో పట్టుకుని చూస్తే సన్నటి పొర ఒకటి వేరుగా కనిపిస్తుంది. అది లేకుండా పైన అక్షరాలు మాత్రమే ఉంటే కొనకండి. ఇంకొక మాట. పైన స్టీలు తీగ అల్లికతో మెరిసే గొట్టాలు చూడముచ్చటగా ఉంటాయని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. ఆ అల్లిక కింద రబ్బరు పగిలినా కంటికి కనపడదు. ఏడాదికి ఒకసారి వేలితో నొక్కి చూసుకోవలసిన వస్తువుకు ముసుగు వేయడం నాకు నచ్చలేదు.

ఇక గొట్టం తేలిపోయాక, పొడవాటి పైపు సంగతి మిగిలింది. ఇంగ్లండు నుంచి వంచి పంపే సెట్టు, దానితో పాటు గొట్టాలు, కొరియరు, కస్టమ్సు అన్నీ కలిపి లెక్క వేస్తే 21 వేలు దాటింది. పింఛను మీద బతికేవాడికి అది పెద్ద మొత్తం. ఏసీ మెకానిక్కులు వాడే రాగి గొట్టం మా ఊరు పాలకొల్లులోనే దొరుకుతుంది. అయిదు మీటర్లు కిలోకు తక్కువే తూగుతుంది, 800 రూపాయల లోపు అయిపోతుంది, చేత్తోనే వంగుతుంది. చాలామంది అదే వేస్తారు. నేను కూడా వేయబోయాను. భీమవరం షెడ్డు యజమానే వద్దన్నారు, ఆయన మీద నాకు గౌరవం కలిగింది కూడా అక్కడే.

ఆ షెడ్డు బయట నుంచి చూస్తే మీరు లోపలికి అడుగు పెట్టరు. ముందు చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల మోటార్ల గుట్ట, పక్కన నల్లటి మట్టి, లోపల ఒక వైసు, ఒక పాత లేతు, గోడకు వేలాడుతున్న వంద రకాల వంపుల పైపులు. ఆ పైపులే ఆయన క్యాటలాగు. ఏ ట్రాక్టరుకు ఏ వంపో మేకు మీద వేలాడుతున్న నమూనా చూసి చెబుతారు. నా రాగి చుట్టను చేతిలోకి తీసుకుని, ఒక కొసను పది పదిహేనుసార్లు ఇటూ అటూ వంచి నాకే ఇచ్చి, "ఇప్పుడు వంచండి మాస్టారూ" అన్నారు. మొదట మైనంలా వంగినది ఇప్పుడు మొండికేసింది. ఇంకో నాలుగుసార్లు వంచితే చిట్లింది. "బండి అదిరినన్నాళ్ళూ ఇది ఇలాగే గట్టిపడతదండి. చెరువు ఇంజన్లకి రాగి వేసినోళ్ళు ఏడాదికోసారి నా దగ్గరికే వస్తారండి, నాకు బేరమే గానీ మీకు నష్టమండి" అన్నారు. దానికి నేను రెండు మాటలు చేర్చగలను. ఉప్పు తేమ ఉన్న చోట రాగి ఇనుప బాడీకి తగిలితే తగిలిన చోట ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అంతేకాక, నిలవ ఉన్న పెట్రోలు రాగి తగిలితే తొందరగా జిగురు కడుతుంది. వారానికి ఒక్కసారి తీసే బండికి ఈ రెండోది చిన్న విషయం కాదు. రాగిలో నికెల్ కలిపిన పైపు వీటన్నిటికన్నా మేలైనదని నాకు తెలుసు, ఓడల్లో సముద్రపు నీటి పైపులకు ఆ లోహాన్నే వాడతారు. అది ఇక్కడ ఆ కొలతలో నాకు అందుబాటు ధరకు దొరకలేదు.

చివరికి ఆయన చెప్పినట్టే జింకు పూత ఉన్న ఇనుప పైపు వేయించాను. పాత పైపును వెర్నియర్‌తో కొలిస్తే 8 మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ వచ్చింది, అంటే 5/16 అంగుళం. ట్రాక్టర్ల కోసం ఆయన దగ్గర ఉన్న సరుకు సరిగ్గా అదే. మీటరు 180 చొప్పున అయిదు మీటర్లు.

పని జరిగిన తీరు చూడటానికి రెండు రోజులు ఆ షెడ్డులోనే ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పాత పైపును ముక్కలు చేయకుండా, ఒక్కటిగా కిందికి దించి, నేల మీద పరిచి, చుట్టూ సుద్దతో గీత గీశారు. కొత్త పైపును ఆ గీత మీద పెట్టి వంచుకుంటూ వెళ్ళారు. మామూలు వంపులకు చేతి బెండరు సరిపోయింది. వెనక ఇరుసు దగ్గర బాగా ఇరుకైన వంపు ఒకటి ఉంది. అక్కడ బెండరు పెడితే పైపు నొక్కుకుపోయేలా ఉంది. అప్పుడు ఆయన ఒక డబ్బాలోంచి జల్లించిన గోదావరి ఇసుక తీసి, పెనం మీద వేయించి తేమ పోగొట్టి, పైపులోకి పోసి, చెక్కతో తట్టి తట్టి దట్టించి, రెండు కొసలా చెక్క మేకులు దిగ్గొట్టారు. లోపల ఇసుక ఉన్నంతసేపు పైపు గోడ లోపలికి పోదు. మోకాలికి ఆనించి నెమ్మదిగా వంచారు. వంపు లోపలి వైపు ఒక్క ముడత కూడా పడలేదు. ఈ పద్ధతి పాతదే అయినా ఇంత శ్రద్ధగా చేయడం నేను చూడలేదు. కొసల దగ్గర, పైపు మూతిని వెడల్పు చేసే ఫ్లేరింగ్ అచ్చుతో సగం మాత్రం నొక్కి చిన్న ఉబ్బు తీశారు. ఆ ఉబ్బు లేకపోతే రబ్బరు గొట్టం ఎంత బిగించినా ఏదో ఒక రోజు జారి ఊడుతుంది. నా పాత మెకానిక్ కోసిన చోట ఆ ఉబ్బే లేదు, ఆ సంగతి నాకు అప్పుడు తెలిసివచ్చింది.

ఇప్పుడు ఫిర్యాదులు. మొదటిది ఆ ఇసుకే. వంచడం అయ్యాక కంప్రెసరు గాలి కొట్టి ఇక బిగించేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. అర లీటరు పెట్రోలు పైపులో పోసి, అవతలి కొస దగ్గర తెల్లటి పంచె గుడ్డ పట్టుకుంటే, మెరుస్తూ పదిహేను ఇరవై రేణువులు పడ్డాయి. మూడుసార్లు కడిగితే గాని గుడ్డ శుభ్రంగా రాలేదు. డీజిల్ ఇంజన్‌కు పెద్ద ఫిల్టర్ ఉంటుంది, ఎస్‌యూ పంపు కవాటాలకు ఒక్క ఇసుక రేణువు చాలు. అక్కడ నేను లేకపోతే అలాగే బిగించేసేవారు. మీరు వెళితే పక్కనే నిలబడి కడిగించుకోండి.

రెండోది ఇంకా ప్రమాదకరమైనది. 1967కు ముందు వచ్చిన ఎమ్‌జీబీల్లో బ్యాటరీ పాజిటివ్ బాడీకి ఎర్తు అవుతుంది, మనకు అలవాటైనదానికి తలకిందులు. పెట్రోలు దించే ముందు బ్యాటరీ తీయమంటే, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు అలవాటు కొద్దీ నెగటివ్ మీద పానా పెట్టాడు. పానా రెండో కొస బాడీకి తగిలితే నిప్పురవ్వ రాలేది, కింద బక్కెట్లో పెట్రోలు ఉంది. నేను అరిచిన అరుపుకు పక్క షాపువాళ్ళు కూడా వచ్చారు. ఎర్తు అయిన వైరునే ముందు తీయాలి, చివర బిగించాలి. ఈ బండిలో అది పాజిటివ్. మంటలార్పే సిలిండరు అడిగితే షెడ్డులో లేదు, నా బండిలో ఉన్నదే తీసి పక్కన పెట్టుకున్నాము. ఇంత పనితనం ఉన్న చోట ఈ ఒక్క జాగ్రత్త లేకపోవడం నాకు ఈ రోజుకీ మింగుడుపడని విషయం, ఆయనతో కూడా అదే చెప్పాను. "ఆయ్, తెస్తానండి" అన్నారు. మార్చిలో వెళ్ళినప్పుడు చూస్తే గోడకు ఎర్రటి సిలిండరు ఒకటి వేలాడుతూ ఉంది.

మూడోది ఆలస్యం. మూడు రోజుల్లో ఇస్తానన్న బండి పన్నెండో రోజుకు వచ్చింది. సంక్రాంతి వారంలో భీమవరంలో పని చేయించుకోవాలనుకోవడం నా తెలివితక్కువతనం. కనుమ వెళ్ళాక కూడా రెండు రోజులు షెడ్డు తాళం తీయలేదు. అన్నాళ్ళూ బండి నాలుగు చెక్కదిమ్మల మీద నిలబడే ఉంది. పండుగకు వారం ముందైనా, తరువాతైనా వెళ్ళండి.

బిగింపులో రెండు సంగతులు ముఖ్యమైనవి. రేకు క్లిప్పుల్లో మధ్య చీలికలు ఉన్న మామూలు రకం చిన్న గొట్టాన్ని కోసేస్తుంది, పైగా గుండ్రంగా బిగియదు. అంచులు వెనక్కి మడిచిన, చిన్న బోల్టుతో బిగించే ఇంజెక్షన్ క్లాంపులు 35 రూపాయలు చొప్పున పన్నెండు తీసుకున్నాను. గొట్టం వెలుపలి కొలతకు సరిగ్గా సరిపోయే సైజు కొనాలి. పెద్దది కొని చివరి వరకు తిప్పితే గొట్టం ఒక పక్క ముడుచుకుంటుంది. రెండోది, పైపును బాడీకి పట్టే క్లిప్పులు. ఆయన పాత సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి రేకు క్లిప్పు వేస్తానన్నారు. చవకే గాని ఆ ట్యూబు కింద ఉప్పునీరు నిలిచి, మళ్ళీ అదే చోట తుప్పు మొదలవుతుంది. పాత పైపు పోయింది సరిగ్గా అలాంటి చోట్లనే. రబ్బరు లైనింగు ఉన్న, ఇంగ్లీషు పి అక్షరం ఆకారపు పి క్లిప్పులు 15 రూపాయలు చొప్పున ఇరవై కొని, జానెడున్నర దూరానికి ఒకటి చొప్పున వేయించాను, ప్రతి దాని కింద గ్రీజు రాయించాను. పంపు దగ్గర బ్యాంజో బోల్టుల (లోపల రంధ్రం ఉండి పెట్రోలును పోనిచ్చే బోల్టుల) ఫైబర్ వాషర్లు పాతవే వేయబోతే కొత్తవి వేయమన్నాను. ఒకసారి నలిగిన వాషరు రెండోసారి ఆగదు.

ఖర్చు లెక్క ఇది. పైపుకు 900, రెండున్నర మీటర్ల గొట్టానికి 1,625, క్లాంపులకు 420, పి క్లిప్పులకు 300, రెండు ఫిల్టర్లకు 240, యూనియన్లకు (పైపును అతికే నట్లు), వాషర్లకు కలిపి 450, కొరియరుకు 180, చేతికూలి 2,500. ఇదంతా 6,615. పాలకొల్లు నుంచి భీమవరానికి బండిని లాక్కెళ్ళడానికి 1,800. మొదట పారబోసిన 740 కూడా కలుపుకుంటే 9,155 రూపాయలు. బిల్లు మాత్రం ఒక సినిమా హాలు కరపత్రం వెనక రాసి ఇచ్చారు. చేతికూలి తక్కువ తీసుకున్నారని నేను అనుకుంటున్నాను; ఇరుకు వంపు ఒక్కదానికే ఆయనకు సగం రోజు పట్టింది.

ఫిల్టర్ల గురించి ఒక మాట. ట్యాంకుకూ పంపుకూ మధ్య ఒకటి, కార్బొరేటర్ల ముందు ఒకటి వేయించాను. వెనకది పారదర్శకమైన ప్లాస్టిక్‌ది, లోపలి మురికి కనిపిస్తుంది. ముందుది మాత్రం లోహపుది కావాలని పట్టుబట్టాను, ఎందుకంటే ఈ బండిలో సైలెన్సరు గొట్టం మొదలయ్యేది కార్బొరేటర్ల కిందే. ఆ వేడి పక్కన ప్లాస్టిక్ ఫిల్టర్ వేసినవారిని నేను చూశాను. వెనక ఫిల్టర్‌లో మొదటి నెల తుప్పు రంగు పొడి కొంచెం వచ్చింది. అది ట్యాంకుది. ట్యాంకు శుభ్రం చేయించే పని ఇంకా మిగిలే ఉంది, దాని ఖర్చు వేరే.

బండి తెచ్చుకున్న రోజే ఇంటి దగ్గర ఒక పరీక్ష చేశాను. కార్బొరేటర్ దగ్గర గొట్టం విప్పి, కొలత గీతలున్న సీసాలో పెట్టి, పంపును అర నిమిషం నడిపితే అర లీటరుకు కాస్త పైగా వచ్చింది, బుడగలు లేకుండా. ఇంత ధార వస్తే ఎంత వేగంగా నడిపినా ఇంజన్‌కు పెట్రోలు కరువు రాదు. పైపుల కింద పాత పత్రికలు పరిచి రాత్రంతా ఉంచాను, తెల్లవారి ఒక్క మచ్చ లేదు. వంద కిలోమీటర్లు తిరిగాక క్లాంపులన్నీ ఒకసారి మళ్ళీ బిగించాను. కొత్త రబ్బరు కొద్దిగా సర్దుకుంటుంది కాబట్టి అన్నిటికీ పావు చుట్టు చొప్పున పట్టింది.

అసలు పరీక్ష మే నెలలో అయింది. కాలువలు కట్టేశారు, గట్టు రోడ్ల మీద దుమ్ము, ఎండ మండిపోతూ ఉంది. పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి, దిండి, రాజోలు మీదుగా అంతర్వేది దాకా వెళ్ళి అదే రోజు తిరిగి వచ్చాను. పాత పైపుల రోజుల్లో ఇలాంటి ఎండలో బండి ఆపి మళ్ళీ స్టార్టు చేయాలంటే పంపు గుక్క తిప్పుకోకుండా కొట్టుకునేది, నేను బానెట్ ఎత్తి తడిగుడ్డ పట్టుకుని నిలబడేవాణ్ణి. ఈసారి అంతర్వేదిలో గుడి దగ్గర రెండు గంటలు ఎండలోనే నిలిపి, తిరిగి వచ్చి తాళం తిప్పాను. పంపు ఆరేడు టిక్కులు కొట్టి ఆగింది. నేను ఇంజన్ స్టార్టు చేయకుండా, చెవి వెనక్కి పెట్టి, గడియారం చూస్తూ రెండు నిమిషాలు అలాగే కూర్చున్నాను. కొబ్బరి బోండాల కుర్రాడు దగ్గరికి వచ్చి "బండి ఆగిపోయిందాండీ?" అని అడిగాడు. ఇంకొక్క టిక్ కూడా వినపడలేదు.